దయచేసి పేరూ పనీ చెప్పండి

గురువారం మధ్యాహ్నం నా ఫోను అప్‌డేట్ అయింది. అప్‌డేట్ అంటే ఏమిటని మా ఆవిడ బిందుమాధవి అడిగితే, అప్పుడెట్టా ఉందో ఇప్పుడట్టా లేకపోవడం అని చెప్పాను. అయితే మీరు పెళ్ళయిన మర్నాడే అప్‌డేట్ అయ్యారులెండి అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. నేను హైస్కూల్లో తెలుగు మాస్టార్ని. ఇరవయ్యారేళ్ళుగా ఇలాంటి మాటలు విసిరితే పిల్లలు మార్కుల భయానికైనా నవ్వుతున్నారు. ఇంట్లో మార్కులు వేసేది నేను కాదు.

కొత్త రూపం ఎలా ఉందో ముందు చెప్తాను. ఫోను చేతిలోకి తీసుకుంటే, మనం అద్దెకిచ్చిన మన ఇంట్లోకి మనమే చుట్టపుచూపుగా వెళ్ళినట్టుంది. బొమ్మలన్నీ తడిసిన గాజుపలకల్లా తయారయ్యాయి. వాటిలోంచి వెనకున్న మా మిరపచేను ఫొటో నిక్షేపంగా కనిపిస్తోంది, బొమ్మలు మాత్రం కనిపించడం లేదు. వాటిని ఐకాన్లంటారట. ఐ కానను అని ముందే ఒప్పేసుకున్న పేరు. టార్చిలైటు ఉన్నచోట నుంచి ఎటో వలసపోయింది. గడియారం అంకెలు లావెక్కాయి, అక్షరాలు చిక్కిపోయాయి. ‘మిరప’ అని కొట్టబోతే మూడో అక్షరం దాకా ఆగకుండా ‘మిరాకిల్’ అని సలహా ఇస్తోంది. దీన్నంతా సరిచేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళితే అక్కడ అన్నీ అప్‌సెట్టింగ్సే. పాత ఫోను కాస్తా పోను పోను పరాయిదైపోయింది.

అప్‌డేట్ అయ్యేటప్పుడు అది నన్ను చాలా ప్రశ్నలడిగింది. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను కదా, చదివే ఓపిక లేక అన్నిటికీ ‘సరే’ నొక్కాను. పెళ్ళిలో పురోహితుడు చెప్పిన మంత్రాలన్నీ ఇలాగే అన్నాను, అప్పుడూ అర్థం తర్వాతే తెలిసింది. ఒక్క ప్రశ్న మాత్రం కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను. తెలియని నంబర్ల నుంచి కాల్ వస్తే మీ తరఫున నేను మాట్లాడనా అని ఉంది. ఇంతకంటే కావలసిందేముంది? పాఠం మధ్యలో ప్లాట్లమ్మేవాళ్ళూ, ఇన్సూరెన్సువాళ్ళూ రోజుకు డజను మంది నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ఫోను సైలెంట్‌లో ఉన్నా నేను వయొలెంట్ అవుతున్నాను. ఆనందంగా ‘సరే’ నొక్కాను.

అప్పటికి నా బుర్రలో ఉన్నది ఫోను కాదు, రెండెకరాల మిరప. ఫిబ్రవరి నెల, రెండో కోత. చేను మొత్తం ఎర్రగా పండి, నిప్పంటుకున్నట్టు ఉంది. బుధవారం వాన పడొచ్చని టీవీలో చెప్తున్నారు. పండిన కాయ చెట్టుమీద తడిస్తే రంగుపోయి తెల్లబడుతుంది. దాన్ని మేం తాలు అంటాం, మిర్చి మార్కెట్ యార్డులో దాని మొహం ఎవరూ చూడరు. ఫోనుకి కొత్త వర్షన్ వస్తే వచ్చింది, నా చేనుకి కొత్త వర్షం రాకపోతే చాలనుకున్నాను. శనివారం అంకమ్మ ముఠా వస్తే చీకటిపడేలోగా కాయంతా కల్లంలో ఉంటుంది.

అంకమ్మ గురించి చెప్పాలి. ముప్పై రెండు మంది ఆడవాళ్ళ ముఠాకి ఆమె మేస్త్రి. మా చేలో పద్నాలుగేళ్ళుగా కోత ఆమెదే. కోతలు కోయడం నాకొచ్చు గాని కోత కోయడం ఆమెకే వచ్చు. ఆమెతో ఒప్పందం కాగితాలమీద ఉండదు. ఫలానా రోజని ముందే అనుకుంటాం. ఆ ముందురోజు మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు ఆమె ఫోన్ చేస్తుంది. సొంత ఫోను ఏనాడూ వెంట తెచ్చుకోదు. ముఠాలో ఎవరి ఫోన్లో చార్జింగ్ ఉంటే అది అందుకుని, కారం చేతులు కాబట్టి ఇంకెవరిచేతనో నొక్కించి, చెవి దగ్గర పెట్టించుకుని, “నేనే” అంటుంది. మనం “రా అక్కా” అంటాం. అంతే. ఆ ‘నేనే’కి జవాబు రాకపోతే రైతుకి కాయ కోయించే ఉద్దేశం లేదని లెక్క. ఆమె వేరే చేనుకి మాట ఇచ్చేస్తుంది.

శుక్రవారం ఫోను మోగకపోయినా, పద్నాలుగేళ్ళ మాట తప్పుతుందా అని శనివారం తెల్లవారి ఆరింటికే నేను చేలో ఉన్నాను. మంచినీళ్ళ క్యాన్లు పెట్టాను. ఏడయింది, ఎనిమిదయింది, ముఠా రాలేదు. ఆటో చప్పుడు వినిపించిన ప్రతిసారీ గట్టెక్కి చూశాను. తొమ్మిదింటికి, ఏమైనా కబురొచ్చిందేమోనని ఫోను తీసి, గాజుపలకల వెనక తడిమితే ఒక మూల ఎర్రచుక్క కనిపించింది. నా తరఫున ఫోను మాట్లాడిన మాటలన్నీ అక్కడ శుభ్రంగా అచ్చయి ఉన్నాయి.

ముందు మా పెదనాన్న పిచ్చయ్య. వేటపాలెం నుంచి కొత్త సిమ్ వేసుకుని చేశాడు. దయచేసి మీ పేరు, కాల్ చేస్తున్న కారణం చెప్పండి అని నా ఫోను అడిగింది. “నీ పుట్టుక నాకు తెలుసు, నా పేరు నీకు తెలవదా” అన్నాడాయన. దాని కింద ఫోను తన అభిప్రాయం రాసింది: కాల్ చేసిన వ్యక్తి కారణం చెప్పలేదు. ఆయన సంగతి తర్వాత చూసుకోవచ్చని కిందికి జరిపాను.

శుక్రవారం ఒంటిగంటా పదినిమిషాలకి ఒక నంబరు. “నేనే” అని ఉంది. దయచేసి మీ పేరు చెప్పండి అంది ఫోను. “నేనేనమ్మా, మాస్టారు లేడా?” దయచేసి కారణం చెప్పండి. “ఏం కారణం? నేనే.” కాల్ ముగిసింది.

ఒంటిగంటా పద్నాలుగుకి ఇంకో నంబరు. “నేనేనయ్యా.” దయచేసి మీ పేరు చెప్పండి. “మళ్ళీ ఆయమ్మే ఎత్తింది” అని పక్కవాళ్ళతో అన్న మాట కూడా వదలకుండా ఎక్కించింది.

ఒంటిగంటా ఇరవైకి మూడో నంబరు. ఈసారి ‘నేనే’ లేదు. “రేపు రమ్మంటాడో వద్దంటాడో అడుగుదామని. వద్దులే.” దాని కింద ఫోను వాక్యం ఇంకా కొట్టొచ్చినట్టుంది: ఇది అనుమానాస్పదమైన కాల్ కావచ్చు.

ఆ టైములో నేను తొమ్మిదో తరగతికి సంధులు చెప్తున్నాను. అక్కడ సంధి కలుపుతుంటే ఇక్కడ ఫోను నాకూ అంకమ్మకీ సంధి చెడగొట్టింది.

మూడో నంబరుకి తిరిగి చేశాను. ముఠాలో ఉండే ఫెబా అనే అమ్మాయి ఎత్తింది. గొంతు తగ్గించి, ఇవాళా సోమవారమూ వీరబాబుగారి చేలో కోత అండీ, అక్క కోపంగా ఉందండీ అని పెట్టేసింది. ఆదివారం ముఠాలో సగం మంది చర్చికి వెళతారు, ఆరోజు కోత ఉండదు. సోమవారం కూడా పోతే మిగిలింది మంగళవారం ఒక్కటే, బుధవారం వాన. ఆ మంగళవారం కోసం ఎంతమంది రైతులు అంకమ్మ వెంట పడుతుంటారో నాకు తెలుసు. స్కూలుకి సెలవు చీటీ పంపించి స్కూటరెక్కాను. కాల్ ఎత్తనందుకు కాళ్ళు పట్టుకోవలసి వచ్చేట్టుంది.

వీరబాబు నాతో పదో తరగతి దాకా చదివాడు. చేలగట్టు మీద గొడుగేసుకుని కూర్చుని, నన్ను చూడగానే పక్కకి జరిగి చోటిచ్చాడు.

“ఏరా, సెక్రటరీని పెట్టుకున్నావంటగా. మరి నువ్వొచ్చావేంది, ఆ పిల్లని పంపించకపోయావా?”

అంకమ్మ ముందురోజే చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకి చెప్పేసిందట, మాస్టారింట్లో ఎవరో కొత్తగా చేరి ఫోను ఎత్తుతోందని, మాట మెత్తనే గాని మనిషిని లోపలికి రానివ్వదని. నేను ఆ గొంతు ఫోనుదేనని చెప్పాను. వీరబాబు నమ్మినట్టు తలూపి, ఎంతకి కుదిరిందిరా అన్నాడు.

వాడితో లాభం లేదని సాళ్ళలోకి దిగాను. చీరలమీద మొగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, మొహాలకి గుడ్డలు చుట్టుకుని ముప్పై రెండు మంది వంగి ఉన్నారు. కళ్ళు తప్ప ఏమీ కనపడదు. అంకమ్మ చివరి సాల్లో ఉంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డా తల ఎత్తలేదు. చేతులు కాయ దూస్తూనే ఉన్నాయి.

“ఎవరూ?” అంది.

“నేనే అక్కా.”

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. పక్క సాళ్ళలో గుడ్డల కింద నవ్వులు మొదలయ్యాయి.

“నేనే అంటే ఎవరని? పేరు చెప్పాల. ఏం పనిమీదొచ్చావో అదీ చెప్పాల.”

ముప్పై ఒక్కమంది చేతులూ ఆగిపోయాయి. నేను తప్పదని, మద్దినేని శివరామకృష్ణ, తెలుగు ఉపాధ్యాయుడు, రెండెకరాల మిరప కోత నిమిత్తం అని చెప్పాను. ఊరిపేరు చెప్పలేదని ఎవరో వెనక నుంచి గుర్తుచేశారు. అదీ చెప్పాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ నేను పిల్లలచేత ఇంత స్పష్టంగా పలికించలేకపోయాను.

అంకమ్మ అప్పుడు నడుం ఎత్తి నావైపు చూసింది. నేను గబగబా చెప్పుకొచ్చాను, ఆ గొంతు మనిషిది కాదు, ఫోను కొత్తగా మారింది, తెలియని నంబరైతే అదే ఎత్తి అడుగుతుంది, నాకు తెలియనే తెలియదు అని. ఆమె విన్నది.

“మిషనైతే నా పేరు దానికెందుకు?”

నేను ఫోను తీసి చూపించబోయాను, ఆమె దానివైపు చూడలేదు.

“పద్నాలుగేళ్ళబట్టి నీ చేలో కోస్తన్నా. మీయమ్మకి చూపు పోయినాక గూడా, గడపకాడ నా చెప్పులిడిసిన సప్పుడుకే ‘అంకమ్మా’ అనేది. నువ్వు నా గొంతుకి పేరడిగిస్తివి.”

గట్టిగా అనలేదు. మళ్ళీ వంగి కోత మొదలెట్టింది. నాకు నోట్లో ఉన్న చమత్కారాలన్నీ ఎండిపోయాయి. ఇంకేమీ తోచక, ఆ సాల్లో ఆమె పక్కనే కాయ దూయడం మొదలుపెట్టాను. నా పది కాయలకి ఆమె వంద దాటింది. తొడిమెలు ఊడగొడుతున్నానని నా చెయ్యి పక్కకి నెట్టింది గాని పొమ్మనలేదు. కొంతసేపయ్యాక, అది అందరినీ అట్టాగే అడుగుద్దా అంది. లేదు, పేరూ నంబరూ రాసిపెట్టుకున్నవాళ్ళని అడగదు, నీ నంబరు రాసుకున్నాను గాని నువ్వు వేరేవాళ్ళ ఫోన్లలోంచి చేస్తావు కదా అన్నాను.

“అయితే అందరియ్యీ రాసుకో.”

“అందరివీ?”

“మాలో ఎంతమంది పేర్లు తెలుసు నీకు?”

లెక్కపెట్టుకున్నాను. అంకమ్మ, ఫెబా, లక్ష్మీకాంతం, ఎప్పుడూ పాడే కోటమ్మ. నాలుగు దగ్గర ఆగాను. పద్నాలుగేళ్ళు, నాలుగు పేర్లు. క్లాసులో నలభై మందిని ఇంటిపేర్లతో సహా పిలుస్తానని గొప్ప నాకు.

సాలు సాలుకీ వెళ్ళి రాసుకోవడం మొదలుపెట్టాను. కోటమ్మలు ముగ్గురు తేలారు. పాడే కోటమ్మ, దాచేపల్లి కోటమ్మ, ఇంకొకామె తనను ఉత్త కోటమ్మ అని రాయమంది. ఒకామె తన నంబరు తనకి తెలియదంది. తెలియదేమిటమ్మా అంటే, నాకు నేను ఫోన్ చేసుకుంటానా ఏంది అంది. న్యాయమే. అలాంటివాళ్ళు పన్నెండు మంది. వాళ్ళ ఫోన్ల నుంచి నాకు చెయ్యమన్నాను. అదే నేను చేసిన తప్పు. కొత్త నంబరు రాగానే నా ఫోను నాకంటే ముందు అందుకుని, దయచేసి మీ పేరు, కాల్ చేస్తున్న కారణం చెప్పండి అంది.

ఆయమ్మ గొంతు వినడానికి చుట్టుపక్కల సాళ్ళు ఖాళీ అయ్యాయి. కారం అంటని మోచేతుల మధ్య ఒకామె ఫోను పట్టుకుంది, ఇంకొకామె దానిలోకి వంగి, మీ అయ్యోరి కాయ కొయ్యాలంట, కొయ్యమంటావా వద్దంటావా అని అడిగింది. కాసేపు వేచి ఉండండి అంది ఫోను. ఎంతసేపు, ఎండెక్కుతోంది అంది ఈమె. లక్ష్మీకాంతం ఫోను లాక్కుని, నీకు పెళ్ళయిందామ్మా అని పరామర్శించింది. క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు అని వచ్చింది. పాపం కాలేదంట అని తీర్పు చెప్పారు. అంకమ్మ మాత్రం దూరంగా తన సాల్లోనే ఉంది. అయితే గుడ్డ కింద ఆమె భుజాలు కదులుతున్నాయి.

గట్టుమీద వీరబాబు గొడుగు కింద పడేసి లేచాడు.

“ఒరేయ్, నేను కోతకి పిలుచుకుంటే నువ్వు జనాభా లెక్కలు రాస్తన్నావంట్రా? నా కాయ చెట్టుమీదే ఎండబెడతావా?”

నేను ముప్పై రెండో నంబరు నొక్కేదాకా కదల్లేదు. వెళ్ళేటప్పుడు మంగళవారం సంగతి అడిగాను. ముగ్గురు రైతులు అడుగుతున్నారనీ, సోమవారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాననీ, ఎత్తినవాళ్ళ చేనుకే పోతాననీ అంకమ్మ చెప్పింది. ఎవరికి ముందు చేస్తావంటే, చార్జింగును బట్టి అంది.

ఆదివారమంతా ఆ సెట్టింగు ఎక్కడుందా అని వెతికాను. ‘సరే’ అనడానికి ఒక్క వేలు చాలింది, ‘వద్దు’ అనడానికి పది వేళ్ళూ కళ్ళజోడూ చాలలేదు. ఈలోగా బిందుమాధవి కిరాణా కొట్టు నుంచి వచ్చింది. అక్కడ ఇద్దరు ముగ్గురు ఆవిణ్ణి పక్కకి పిలిచి, ఇంట్లో ఎవరో ఉంటున్నారటగా అని జాలిగా అడిగారట. ఏమన్నావని అడిగాను. ఆమెకి వంట రాదు, అందుకని నన్ను కూడా ఉండమన్నారు అని చెప్పానంది.

సోమవారం తొమ్మిదో తరగతిలో బల్లమీద ఫోను పెట్టుకుని పాఠం చెప్పాను. సైలెంట్ తీసేశాను, గంట పెద్దది చేశాను. క్లాసులో ఫోన్లు వద్దని బోర్డుమీద రాసినవాణ్ణి నేనే కాబట్టి పిల్లలు దానివైపూ నావైపూ చూస్తున్నారు. పన్నెండున్నర నుంచి నాకు సమాసాలు విడదీయడం చేతకాలేదు. ఒంటిగంటన్నర దాటినా ఫోను మోగలేదు. పక్క రైతు ఫోను ముందు మోగిందనుకున్నాను.

ఒంటిగంటా నలభైకి మోగింది. తెరమీద ‘ఫెబా’ అని ఉంది. ఎత్తాను.

“నేనే” అంది గొంతు.

చుట్టూ గలగల, గిన్నెల చప్పుడు. పేరు ఫెబాది, గొంతు కొంచెం మెత్తగా ఉంది, కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. పరీక్ష పెట్టేవాణ్ణి పరీక్షకి కూర్చోబెట్టారు. ఫెబా నాతో మాట్లాడితే చివర ‘అండీ’ అంటుంది. ఈ ‘నేనే’కి ‘అండీ’ లేదు.

“చెప్పు అంకమ్మక్కా” అన్నాను.

అవతల ఎవరో ఫక్కున నవ్వారు.

“రేపొస్తన్నాం. నీళ్ళు మూడు క్యాన్లు పెట్టు, పోయిన కోతకి రెండు చాల్లా” అని పెట్టేసింది.

పిల్లలవైపు తిరిగితే అందరూ నవ్వుతున్నారు. ఎందుకో వాళ్ళకీ తెలియదు, నా మొహం చూసి ఉంటారు.

మంగళవారం ఆరున్నరకే ఆటోలు వచ్చాయి. నేను ఇంకో సెలవు చీటీ పంపాను, హెడ్మాస్టరు దానిమీద ఏం రాశాడో ఇక్కడ చెప్పనక్కర్లేదు. బిందు కూడా పాత చొక్కా ఒకటి తొడుక్కుని చేలోకి దిగింది, నాదే. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించాను. ఉత్త కోటమ్మని దాచేపల్లి కోటమ్మ అన్నాను, దాచేపల్లి ఆమెకి కోపమొచ్చింది. మధ్యాహ్నానికి కల్లంలో కాయ నడుమెత్తు పడింది. బుధవారం వస్తానన్న వాన మాత్రం ఏ వర్షన్‌లో ఉందో, మంగళవారం నాలుగింటికే పడమట నల్లగా లేచింది. అంకమ్మ చెయ్యి అడ్డంపెట్టుకుని ఒకసారి చూసి, కోత ఆపమంది. నేను నాలుగు సాళ్ళే ఉన్నాయి కదా అన్నాను. ఆమె వినలేదు. అందరినీ కల్లంలోకి తోలింది. కాయ మీద టార్పాలిన్ పట్టాలు పరిచి, అంచులు లాగి, రాళ్ళు పెట్టేసరికి పెద్ద చినుకులు మొదలయ్యాయి. అర నిమిషం తేడా. చేలో ఉండి ఆ నాలుగు సాళ్ళూ కోసి ఉంటే రెండెకరాల కాయా తడిసి ఉండేది.

మోటారు గది చూరు కింద ముప్పై రెండు మందీ, మేమిద్దరమూ ఒకరినొకరు నొక్కుకుని నిలబడ్డాం. చేలో ఆ నాలుగు సాళ్ళు ఎర్రగా తడుస్తున్నాయి. తెల్లారేసరికి అవి తాలే. నేను వాటివైపు చూస్తున్నానని అంకమ్మ చూసింది.

“అయ్యి ఆయమ్మని కొయ్యమను. ఖాళీగానే ఉందిగా.”

అందరికంటే పెద్దగా బిందు నవ్వింది. వాన జోరందుకుంది, కల్లం మీద పట్టా ఒక మూల లేచి కొట్టుకుంటోంది. నేను తడుస్తూ వెళ్ళి దానిమీద ఇంకో రాయి పెట్టి వచ్చాను.